ఇంజన్ ఎందుకు ఆగిందో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

సముద్రంలో చేపల వేట నిషేధం అయిపోయి బోట్లు సముద్రంలోకి వెళ్లగానే, అంటే జూన్ మూడో వారంలో, మీ జిల్లా పేజీలో ఏటా ఒక వార్త కనిపిస్తుంది. ఫలానా ఊరి బోటు ఇంజన్ మొరాయించి నడిసముద్రంలో ఆగిపోయింది. అందులోని వాళ్లు రాత్రంతా బిక్కుబిక్కుమంటూ గడిపారు. తెల్లారాక వేరే బోటు వాళ్లు చూసి తాడు కట్టి రేవుకు లాక్కొచ్చారు. ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అక్కడితో సరి. బోటులో ఎంతమంది ఉన్నారు, ఎవరెవరు పరామర్శించారు, ఒడ్డున ఆడవాళ్లు ఎలా ఏడ్చారు, అన్నీ రాస్తారు. ఇంజన్‌కు ఏమైందో మాత్రం ఎవరూ రాయరు. ఈ ఉత్తరం దాని గురించే.

నాది కాకినాడ జగన్నాథపురంలో బోటు ఇంజన్ల స్పేర్ పార్టుల కొట్టు. మా నాన్న డీజిల్ మెకానిక్. ఆయనకు పానాలు అందిస్తూ పెరిగినవాణ్ణి. సీజన్ మొదట్లో మెకానిక్ దొరకడం గగనం కాబట్టి, ఇంజన్ స్టార్ట్ కాకపోతే జనం ముందుగా పరిగెత్తుకొచ్చేది మా కౌంటర్ దగ్గరికే. ఏం పాడైందో తెలియకుండానే సామాను అడుగుతారు. నేను ఇస్తే పట్టుకెళ్తారు కూడా. వ్యాపారం మాటకొస్తే అలా ఇచ్చేయడమే నాకు లాభం.

జూన్ 14 రాత్రి మేం కొట్టు మూయం. అర్ధరాత్రి దాటితే వేటకు వెళ్లొచ్చు. ఐసు, డీజిల్, బియ్యం, మంచినీళ్లు అన్నీ ఎక్కించేసి, అప్పుడు ఇంజన్‌కు హ్యాండిల్ పెట్టి తిప్పి చూస్తారు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు చెయ్యి పెట్టని ఇంజన్ మొదటి తిప్పుకే అందుకోవాలంటే ఎలా? అందుకోదు. ఇక అక్కణ్ణుంచి టెన్షన్.

పోయిన సీజన్ మొదట్లో అలాగే ఒక కుర్రాడు వచ్చాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

“బాబాయ్, నాజిలూ, పంపు ఎలిమెంటూ రెండూ ఇచ్చెయ్. డబ్బులు నాన్న రేపు ఇస్తానన్నాడు.”

“ఇస్తాలే గానీ, పొగ వస్తోందా?”

“ఏం పొగ?”

“హ్యాండిల్ తిప్పుతుంటే సైలెన్సర్లోంచి ఏమన్నా పొగ వస్తోందా అని.”

“లేదు బాబాయ్. అస్సలు లేదు.”

“డీజిల్ గొట్టాల్లో పట్టిన ఎయిర్ తీశారా?”

“తీశాం. మళ్లీ పట్టేస్తోంది.”

“ట్యాంకులో డీజిల్ ఎప్పటిది?”

“నిషేధం ముందుదే సగం ఉంది. దాని మీదే కొత్తది పోశాం.”

డీజిల్ చిమ్మే ఆ నాజిల్ ఇవ్వలేదు. ఒక ఖాళీ గాజు సీసా చేతికిచ్చి, ఫిల్టర్ గిన్నె కింద బోల్టు వదులు చేసి వచ్చినది వచ్చినట్టు పట్టుకురమ్మన్నాను. తెచ్చాడు. కౌంటర్ మీద పెట్టి, వేరే బేరం చూసుకుని వచ్చేసరికి సీసాలో తేట పడింది. పైన డీజిల్. అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు. రెండింటికీ మధ్య నల్లగా, జిగురుగా ఒక పొర. వాడు సీసా పైకెత్తి లైటుకు అడ్డం పెట్టి చూసి, “ఇదంతా మా ట్యాంకులోదేనా?” అన్నాడు. ఆ ట్యాంకు మొత్తం వంపి, గుడ్డతో తుడిచి, ఫిల్టర్ మార్చి, కొత్త డీజిల్ పోసి ఎయిర్ తీస్తే ఇంజన్ అందుకుంది. ఆ రాత్రి వాళ్ల బోటు నుంచి నాకొచ్చిన బేరం ఒక ఫిల్టరూ, రెండు రాగి వాషర్లూ.

ఆ నీళ్లు ఎవరో పోసినవి కావు. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే మిగతా సగంలో గాలి ఉంటుంది. మన సముద్రపు ఒడ్డున ఆ గాలి నిండా చెమ్మే. రాత్రి చల్లబడినప్పుడల్లా ఆ చెమ్మ ట్యాంకు గోడలకు పట్టి, కారి, అడుగుకు చేరుతుంది. డీజిల్ కంటే నీరు బరువు. ఇంజన్‌కు వెళ్లే గొట్టం ఉండేది కూడా అడుగునే. కాబట్టి హ్యాండిల్ తిప్పగానే ముందు వెళ్లేది నీళ్లే. ఇక ఆ నల్ల జిగురు, నీటికీ డీజిల్‌కూ మధ్య పెరిగే సూక్ష్మజీవులది. ఫిల్టర్‌ను అదే మూసేస్తుంది. దీనికి మందు రెండే రకాలు. నిషేధంలో ట్యాంకు పూర్తిగా నింపి ఉంచాలి, లేదా పూర్తిగా వంపేసి ఆరబెట్టాలి. వేట లేని రెండు నెలలు ట్యాంకు నిండా డీజిల్ పోసి ఉంచే స్తోమత మా రేవులో ఎంతమందికి ఉంటుంది? అందుకని వంపేయమనే చెబుతాను. సగం డీజిల్‌తో వదిలేయడం మాత్రం అన్నిటికంటే చెడ్డది, అందరూ చేసేది కూడా అదే.

నేను పొగ గురించి ఎందుకు అడిగానో చెప్పాలి. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని నొక్కి నొక్కి వేడెక్కిస్తుంది, ఆ వేడి గాలిలోకి నాజిల్ డీజిల్‌ను పొగమంచులా చిమ్ముతుంది, దానంతటదే అంటుకుంటుంది. (దీన్ని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1913లో స్టీమర్ మీద ఇంగ్లండ్ వెళ్తూ సముద్రంలోనే గల్లంతయ్యాడు. ఎందుకో ఈ సంగతి చెబితే మావాళ్లు ఇంజన్ వైపు అనుమానంగా చూస్తారు.) కాబట్టి కావలసినవి రెండు. గాలి గట్టిగా నొక్కుకోవాలి, డీజిల్ సరిగా పడాలి. హ్యాండిల్ జోరుగా తిప్పుతున్నా పొగ ఆనవాలే లేదంటే డీజిల్ సిలిండర్ దాకా రావడం లేదు. ట్యాంకు కాక్ మూసి ఉందా, ఇంజన్ ఆపే స్టాప్ లివర్ వెనక్కి లాగి వదిలేశారా, ఎయిర్ పట్టిందా, ఫిల్టర్ మూసుకుందా, ఈ వరుసలో చూసుకోవాలి. నవ్వకండి, స్టాప్ లివర్ లాగి ఉన్న ఇంజన్‌ను చెమటలు కక్కుతూ తిప్పేవాళ్లు ఏటా ఉంటారు. తెల్లటి పొగ వస్తోందంటే డీజిల్ పడుతోంది, అంటుకోవడం లేదు. అప్పుడు కంప్రెషన్, అంటే గాలి గట్టిగా నొక్కుకుంటోందో లేదో చూడాలి. డీకంప్రెషన్ లివర్ (హ్యాండిల్ తేలిగ్గా తిరగడానికి వాల్వును తెరిచి ఉంచేది) పూర్తిగా కిందికి దిగిందా, వాల్వు తుప్పుకు పట్టేసి తెరుచుకునే ఉండిపోయిందా, నాజిల్ కింద రాగి వాషర్ సరిగా కూర్చుందా అని. ఆ వాషర్ సంగతి ఒకటి చెప్పాలి. పాతది గుంటలోనే అంటుకుని ఉంటుంది. అది తీయకుండా దాని మీదే కొత్తది వేస్తారు. నాజిల్ ఎత్తు మారిపోతుంది, పక్కనుంచి కంప్రెషన్ కారిపోతుంది, ఆ తర్వాత బోరు పిస్టన్ పోయిందని ఇంకో ఖర్చు పెట్టుకుంటారు.

ఎయిర్ తీయడం అందరికీ తెలుసనే అంటారు. చాలామంది సగంలో ఆపేస్తారు. ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి డీజిల్ సన్నటి ధారగా వచ్చేదాకా ఆగి బిగించాలి. తర్వాత పంపు దగ్గర అదే పని. ఆ తర్వాత నాజిల్ దగ్గర ఇనుప పైపు నట్టు అర తిప్పు వదులు చేసి, డీకంప్రెషన్ లివర్ ఎత్తి, హ్యాండిల్ తిప్పుతూ ఉంటే డీజిల్ నట్టు చుట్టూ ఉబికి వస్తుంది. అప్పుడు బిగించి మళ్లీ నెమ్మదిగా తిప్పితే నాజిల్ దగ్గర ‘కిర్ర్’ మని వినిపిస్తుంది. ఆ చప్పుడు వినిపించేదాకా ఎయిర్ పోనట్టే. ఒక్క జాగ్రత్త. నాజిల్ బయటకు తీసి, చిమ్ముతోందో లేదో చూడటానికి చేయి అడ్డం పెట్టకండి. చిమ్మేటప్పుడు అక్కడ ఉండే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 200 కేజీలకు అటూ ఇటూ. డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చే కనబడుతుంది, నొప్పి కూడా మొదట ఉండదు. కానీ వెంటనే ఆస్పత్రికి వెళ్లకపోతే వేలు తీసేయాల్సి రావచ్చు.

మళ్లీ మళ్లీ ఎయిర్ పడుతోందంటే ఎక్కడో గాలి లాగుతున్నట్టు. రబ్బరు గొట్టం క్లిప్పు దగ్గర చిట్లి ఉంటుంది, లేదా ఫిల్టర్ గిన్నె వాషర్ ఎండిపోయి ఉంటుంది. గొట్టాన్ని చేత్తో మడిచి చూస్తే పగుళ్లు కనబడతాయి. ఇంకో తమాషా ఏమిటంటే, ఇంజన్ బాగానే స్టార్ట్ అవుతుంది, కాసేపు నడిచి ఆగిపోతుంది, కొంచెంసేపు వదిలేస్తే మళ్లీ అందుకుంటుంది. నడిసముద్రంలో ఆగిపోయే బోట్లలో ఈ రకం కూడా ఉంటాయి. ట్యాంకు మూతకు సన్నటి బెజ్జం ఉంటుంది, గాలి లోపలికి వెళ్లడానికి. అది ఉప్పుతోనో, గ్రీజుతోనో మూసుకుపోతే డీజిల్ కిందికి దిగదు. మూత వదులు చేయగానే ‘స్స్’ మని గాలి లోపలికి లాక్కుంటుంది. అంతే, జబ్బు దొరికింది. దీనికి కావలసింది ఒక గుండుసూది. ఈ గుండుసూది లేక బోటును ఇంకో బోటు వాళ్లు లాక్కురావడం, వాళ్ల వేట కూడా పాడవడం, తాడు కట్టినందుకు వాళ్లకు డీజిల్ ఖర్చు ఇచ్చుకోవడం.

నిషేధంలో ఇంజన్‌కు జరిగేవాటిలో నాకు ఎప్పుడూ నవ్వొచ్చేది కుమ్మరి పురుగు. గోడల మూల మట్టి గూడు కట్టే ఆ పురుగుకు సైలెన్సర్ గొట్టం, ఎయిర్ క్లీనర్ మూతి భలే నచ్చుతాయి. రెండు నెలల్లో లోపల గట్టి మట్టి బిరడా తయారవుతుంది. గాలి ఆడకపోతే ఇంజన్ ఎలా అందుకుంటుంది? ఒకాయన అలాంటి ఇంజన్‌కు హెడ్డు విప్పించి, వాల్వులు గీయించి, గ్యాస్కెట్ కొత్తది వేయించాడు. చివరికి సైలెన్సర్ విప్పి నేలకేసి కొడితే మట్టి పెళ్లలు రాలాయి. వాటిలో ఎండిపోయిన సాలీళ్లు కూడా ఉన్నాయి, ఆ పురుగు తన పిల్లల కోసం దాచుకునేవి. బోటును ఒడ్డుకు లాగిన రోజే ఆ రెండు మూతులకూ పాలిథిన్ కవరు చుట్టి తాడు కడితే సరిపోయేది. కట్టిన కవరు తీయకుండా స్టార్ట్ చేయబోయేవాళ్లు కూడా ఉన్నారనుకోండి, వాళ్లకు నేనేం చెప్పలేను.

ఇవన్నీ ఖర్చుతో పోయేవి. ఉప్పునీరు మింగిన ఇంజన్ సంగతి వేరు. కెరటాల మీద బోటును ఒడ్డుకు తెచ్చేటప్పుడు వెనకనుంచి కెరటం విరిగి సైలెన్సర్లోకి నీళ్లు కొడుతుంది. అక్కణ్ణుంచి వాల్వు తెరిచి ఉంటే సిలిండర్లోకే. అప్పుడు హ్యాండిల్ కొంత తిరిగి, గోడకు తగిలినట్టు టక్కున ఆగుతుంది. గాలిని నొక్కొచ్చు, నీటిని నొక్కలేం. ఇద్దరు కుర్రాళ్లు కలిసి బలంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. సెల్ఫ్ స్టార్ట్ ఉన్న పెద్ద బోట్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది, మోటారుకు ఆ దెబ్బ తెలియదు కదా. హ్యాండిల్ అలా ఆగిందంటే ఇక బలం చూపించకూడదు. నాజిల్ విప్పి పక్కన పెట్టి, మొహం దూరంగా ఉంచి, నెమ్మదిగా తిప్పితే నీళ్లు బయటకు కొడతాయి. తర్వాత ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ తెల్లగా, నురగగా ఉంటే అందులోకీ నీళ్లు పోయినట్టే, ఆ ఆయిల్‌తో నడపకూడదు.

బోటు తిరగబడి ఇంజన్ మొత్తం మునిగితే చాలామంది పైకి తీసి ఎండలో ఆరబెడతారు. అది తప్పు. ఉప్పునీటిలో ఉన్నంతసేపు కంటే, బయటకు తీసి గాలి తగిలాక తుప్పు వేగంగా పడుతుంది. తీసిన పూటే మంచినీటితో బాగా కడిగి, సిలిండర్లోకి డీజిలో, ఆయిలో పోసి తిప్పుతూ ఉండాలి. మెకానిక్ రేపు వస్తాడు కదా అని వదిలేస్తే రేపు అతను చేసేదేమీ ఉండదు.

స్టార్ట్ కాని ఇంజన్‌కు మావాళ్లు చేసే నాటు వైద్యం ఒకటుంది. గుడ్డను పెట్రోల్లో ముంచి వెలిగించి ఎయిర్ క్లీనర్ దగ్గర పట్టడం. ఫైబర్ బోటు, పక్కనే డీజిల్ డబ్బాలు, చేతిలో మంట. ఒక్కోసారి ఇంజన్ అందుకుంటుంది, అందుకే ఈ అలవాటు చావదు. డీజిలే రాని ఇంజన్ ముందు ఎంత మంట పెట్టినా ఏం లాభం? కంప్రెషన్ లేనిదాని ముందు పెట్టినా అంతే. ఇంట్లో ఆడవాళ్లు చూస్తే ఊరుకోరు, కానీ వాళ్లు బోటులో ఉండరు.

పెద్ద మరబోట్లకు బ్యాటరీ బాధ అదనం. బటన్ నొక్కితే ‘టక్’ మని ఊరుకుంటుంది. వెంటనే కొత్త బ్యాటరీ కొంటారు. ముందు టెర్మినళ్ల మీద పచ్చగా పూసిన తుప్పు వేడినీళ్లతో కడిగి, ఇంజన్ బాడీకి వచ్చే ఎర్త్ వైరు విప్పి గీకి బిగించండి. అప్పటికీ కాకపోతే బ్యాటరీ కొందురు గానీ. ఇంతకంటే దాని గురించి చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు సముద్రంలో ఉండగా ఆగితే ఏం చేయాలి? వెనకటి నావలకు తెడ్లు, తెరచాప ఉండేవి. ఇప్పటి ఫైబర్ బోటులో ఇంజన్ ఆగితే ఇంకేమీ లేదు. జూన్, జూలైల్లో నైరుతి గాలికి బోటు ఈశాన్యంగా, ఒడ్డుకు దూరంగా కొట్టుకుపోతుంది. కాబట్టి హ్యాండిల్ పట్టుకోకముందే లంగరు వేయాలి, లోతు అందితే. సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డుకు 1554కు ఫోన్ కొట్టాలి. ఇంజన్ బాగయ్యాక మళ్లీ చేసి చెప్పొచ్చు, ఎవరూ తిట్టరు. ట్యాంకు డీజిల్‌లో నీళ్లు పడ్డాయని తేలితే దాన్ని బాగు చేస్తూ కూర్చోవద్దు. అయిదు లీటర్ల డబ్బాలో మంచి డీజిల్ విడిగా మూత బిగించి ఉంచుకుంటే, దాన్ని ఇంజన్ కంటే ఎత్తులో కర్రకు కట్టి, ఒక గొట్టం ముక్కతో నేరుగా పంపుకు కలిపి, ఎయిర్ తీసి స్టార్ట్ చేయొచ్చు. అయితే ఫిల్టర్ మధ్యలో లేదు కాబట్టి ఆ డీజిల్ ఒడ్డున ఉండగానే గుడ్డలో వడకట్టినదై ఉండాలి. ఇంటికి చేరడానికి అది చాలు. దానికి కావలసిన గొట్టం ముక్క, రెండు క్లిప్పులు, ఒక ఫిల్టరు, నాలుగు రాగి వాషర్లు, పానాలు, టార్చిలైటు, అన్నీ ఒక చిన్న డబ్బాలో పడతాయి. వలల మీద పెట్టే ఖర్చులో ఇది లెక్కలోకి కూడా రాదు. అయినా ఇది అడిగి కొనేవాళ్లు మా కొట్లో తక్కువ. నాజిళ్లు మాత్రం చక్కగా అమ్ముడుపోతాయి.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేను అనను. నిషేధ కాలపు భృతి 10 వేలు ఉండేది 20 వేలయింది. బోట్లకు ఇస్రో ట్రాన్స్‌పాండర్లు బిగిస్తున్నారు. మంచిదే, బోటు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఎందుకు ఆగిందో దానికి తెలియదు. నేను అడిగేది చాలా చిన్నది. జూన్ మొదటి వారంలో, నిషేధం ఇంకా ఉండగానే, ఉప్పాడ, భైరవపాలెం, ఓడలరేవు, అంతర్వేది లాంటి రేవుల్లో తలా ఒక రోజు ఇంజన్లు స్టార్ట్ చేసి చూసే శిబిరం పెట్టమనండి. కాకినాడలోనే మత్స్యకారులకు శిక్షణ ఇచ్చే రాష్ట్ర సంస్థ ఉంది. విశాఖలో చేపల వేట బోట్ల పనుల్లో శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ సిఫ్‌నెట్ ఉంది, అక్కడ మెరైన్ ఫిట్టర్ కోర్సే నేర్పుతారు. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ చదివే పిల్లలకు కూడా ఇంతకంటే మంచి ప్రాక్టికల్స్ దొరకవు. బోటుకు ఒకరు చొప్పున, బోటు నడిపే సరంగు కాకుండా ఇంకొకరు, ఎయిర్ తీయడం తమ చేతులతో చేసి చూపించాలి. సరంగుకు వచ్చు కదా అంటారు. సరంగుకు జ్వరం వస్తే?

ఇక మీతో పని. రోడ్డు మీద బస్సు బోల్తా పడితే బ్రేకులు ఫెయిలా, డ్రైవర్ నిద్రపోయాడా అని మీ విలేకరి తప్పకుండా అడుగుతాడు. బోటు ఆగితే ఆ ప్రశ్న అడగడు. ట్యాంకులో నీళ్లా, గొట్టం చిట్లిందా, మూత బెజ్జమా అని ఒక్క వాక్యం అచ్చయితే, ఆ పేపరు రేవులో టీ బడ్డీ దగ్గర నలుగురూ చదువుతారు. సాయంత్రానికి తమ ట్యాంకు మూత విప్పి చూసుకుంటారు. మత్స్యశాఖ వాళ్లు కూడా ఇలా ఆగిన బోట్ల వివరాలు రాసుకునేటప్పుడు కారణం కూడా ఒక గడిలో రాస్తే, రెండు మూడు సీజన్లలో ఏది ఎక్కువో తేలిపోతుంది. అప్పుడు శిబిరంలో ఏం నేర్పాలో ఎవరినీ అడగక్కర్లేదు.

మీ విలేకరికి ఇంజన్ గురించి తెలియకపోయినా ఫర్వాలేదు. లాక్కొచ్చిన బోటు రేవులోనే ఉంటుంది, మెకానిక్ ఆ సాయంత్రానికి విప్పేస్తాడు. అప్పటిదాకా ఆగలేకపోతే వార్త వేసేయండి. మర్నాడు రేవులో ఒకసారి అడిగి, కారణం రెండు లైన్లలో వేయండి.

ఇట్లు,
బోటు స్పేర్ పార్టుల వ్యాపారి,
జగన్నాథపురం, కాకినాడ.